కంధారు కోట – మాలిక్ అంబరు

ఉగాది నాడు పంచాంగ శ్రవణం ముగిసి, పచ్చడి చేతికి అందిన పిమ్మట మన నాందేడు తెలుగు కుటుంబాలలో పెద్దలు ఒకరినొకరు అడుగుకొనే మొదటి మాట ఒకటే. ఏ ఊరి వారు, ఏ తాలూకా వారు అని. ఒకరిది కరీంనగరం వైపు, ఒకరిది నిజామాబాదు, మరొకరిది ఆదిలాబాదు. నేతపని కోసం వచ్చినవారు కొందరు, ఒకప్పటి ఉస్మాన్‌షాహీ మిల్లులో కూలికి కుదిరినవారు కొందరు, వర్తకానికి వచ్చి నిలిచిపోయినవారు కొందరు. తాతల నాడు విడిచిన ఊరిపేరును మనుమలు కూడా తమ ఊరుగానే చెప్పుకుంటారు. గత ఉగాదికి మా ఇంటి పిల్లవాడొకడు ఈ ముచ్చట అంతా విని, ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకొంటున్న తాను ఈ ఊరివాడా, పరాయివాడా అని మమ్ము అడిగినాడు. వెంటనే మాకు జవాబు తోచలేదు. మరుసటి ఆదివారం వానిని వెంటబెట్టుకొని కంధారు కోటకు వెళ్ళినాము. ఆ కోట గోడల మీద తిరుగుతూ వానికి మేము చెప్పిన కథనే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇది నాలుగు వందల ఏండ్లనాటి ఒక మహాపురుషుని కథ. అతడు ఈ దేశంలో పుట్టినవాడు కాదు. అతని పేరు మాలిక్ అంబరు.

కంధారు అనగానే కొందరికి అఫ్గనుల కాందహారు మనసుకు వస్తుంది. మనది వేరు. నాందేడుకు నైరుతి దిక్కుగా, మన్యాడు నది ఒడ్డున ఉన్న కోట ఇది. దౌలతాబాదువలె కొండమీద కట్టినది కాదు. సమతల భూమిపై కట్టి, చుట్టూ అగడ్త తవ్వి, బురుజులతో బిగించినది. కొండ అండ లేని కోటకు గోడ, నీరు, కాపలావాని గుండె నిబ్బరం – ఈ మూడే రక్ష. నేడు మనం చూచే కట్టడాలలో ఎక్కువ భాగం బహమనీల కాలంలోను, అహమ్మదునగరు నిజాంషాహీల కాలంలోను లేచినవి. కాని ఊరు అంతకంటె చాలా పాతది. క్రీస్తు శకం 10వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని కాలంలో ఇది గొప్ప పట్టణం. ఆయన శాసనం ఒకటి ఇక్కడనే దొరికినది. ఒక మహావిగ్రహం తాలూకు విరిగిన ముక్కలు ఇక్కడ లభించినవి. పాదాన్ని చూస్తే చాలు, విగ్రహం ఎంత ఎత్తు నిలిచి ఉండేదో ఊహకు అందుతుంది. అదే మూడవ కృష్ణుని కాలంలో, 956లో, వేంగి రాజైన దానార్ణవుని మాగల్లు శాసనంలో కాకర్త్య గుండన పేరు కనిపిస్తుంది. రాష్ట్రకూటుల సేనతో తెలుగు దేశంలో కాలుపెట్టిన ఆ వంశంవారే తరువాత ఓరుగల్లు నేలిన కాకతీయులు. కనుక కంధారుకూ తెలుగువారికీ నడుమ దారి నిన్న మొన్నటిది కాదు.

రాష్ట్రకూటులు పోయినారు. కల్యాణి చాళుక్యులు, దేవగిరి యాదవులు వచ్చి పోయినారు. ఢిల్లీ సుల్తానుల అధికారులు వచ్చినారు. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడగానే ఆ రాజ్య స్థాపకుడు మొదట లొంగదీసుకున్న కోటలలో కంధారు ఒకటి. మూడేండ్లకు, 1350లో, ఓరుగల్లు నేలుతున్న ముసునూరి కాపయ నాయకుడు సంధి కోసం మన దెగలూరు సరిహద్దుకు చేరువనే ఉన్న కౌలాసు కోటను బహమనీ సుల్తానుకు వదులుకొనవలసి వచ్చినది. బహమనీలు క్షీణించినప్పుడు కంధారు బీదరు ఖాసిం బరీదు చేతిలో పడినది. 16వ శతాబ్దం మధ్యలో దానిని అహమ్మదునగరు బుర్హాన్ నిజాంషా కైవసం చేసుకొన్నాడు. ఇన్ని చేతులు మారిన కోట ఇది. తలుపుపై ముద్ర మారినది. లోపల కాపలా మారినది. బయట పొలంలో నాగలి పట్టిన చేయి మాత్రం మారలేదు.

నిజాంషాహీల చేతిలో కోట ఉన్న ఆ రోజులలోనే, సముద్రానికి ఆవల ఆఫ్రికా ఖండంలో, అబిసీనియా దేశంలో – నేటి ఇథియోపియా – సుమారు 1548లో ఒక శిశువు జన్మించినాడు. పేరు చాపు. బాల్యంలోనే బానిసల వర్తకుల చేతిలో పడినాడు. ఎర్ర సముద్రపు రేవైన మోఖాలో అమ్ముడుపోయి, అక్కడినుండి బాగ్దాదుకు చేరినాడు. బాగ్దాదులో అతనిని కొన్న మీర్ ఖాసిం అనే వర్తకుడు పిల్లవానిలోని తెలివిని గుర్తించి చదువు చెప్పించినాడు, అంబరు అనే పేరు పెట్టినాడు. ఆ తరువాత ఓడ ఎక్కించి దక్కనుకు తెచ్చినారు. తల్లి పెట్టిన పేరు, పుట్టిన ఊరు, మాట్లాడిన భాష – అన్నీ సముద్రం అవతలనే మిగిలిపోయినవి. ఈ కథ చెబుతున్నప్పుడు మా పిల్లవాడు నడక ఆపి నిలిచిపోయినాడు. మన తాతలు ఊరు విడిచినారు నిజమే. కాని తమ కాళ్ళమీద నడిచి విడిచినారు, తిరిగి పోదలచుకుంటే దారి ఉన్నది. ఆ బాలునికి అదియు లేదు.

అహమ్మదునగరులో అంబరును కొన్నవాడు ఆ రాజ్యపు పీష్వా చంగేజుఖాను. విచిత్రమేమనగా ఆ పీష్వా కూడా హబ్షీయే, ఒకనాటి బానిసయే. దక్కను రాజ్యాలలో ఇట్టిది వింత కాదు. అబిసీనియానుండి తెచ్చిన యువకులను ఆయుధ విద్యలో తీర్చిదిద్ది కొలువులో పెట్టుకొనేవారు. యజమాని మరణిస్తే వారు స్వతంత్రులై, ఎవరి ప్రజ్ఞ కొలది వారు పైకి రావచ్చును. అంబరు ఈ యజమాని వద్ద కత్తి సాముతోబాటు రాజ్యపు లెక్కలు, కచేరీ వ్యవహారం నేర్చినాడు. 1574–75 ప్రాంతంలో చంగేజుఖాను మరణించగా అంబరు స్వతంత్రుడైనాడు. వివాహం చేసుకొన్నాడు. చిన్న జట్టును వెంటబెట్టుకొని ఇరవై ఏండ్లపాటు కూలికి కత్తి పట్టే సిపాయిగా దక్కను అంతా తిరిగినాడు. బిజాపురం కొలువులో మాలిక్ అనే బిరుదు పొందినాడు. 1595లో తిరిగి అహమ్మదునగరు చేరేనాటికి అతని వెంట ఉన్నది సుమారు 150 మంది రౌతులు మాత్రమే. అతని వయస్సు అప్పటికే 47కు చేరువ. మామూలు మనిషి ఇక విశ్రాంతి కోరుకొనే ఈడులో అతని అసలు జీవితం మొదలైనది.

ఆ ఏడాది చివరలో అక్బరు సేనలు అహమ్మదునగరును ముట్టడించినవి. చాందుబీబీ వీరత్వం మనకు తెలిసినదే. మరుసటి ఏడు బేరారును వదులుకొని ఆమె సంధి చేసుకొన్నది. కాని 1600లో తన వారి చేతిలోనే ఆమె హతమైనది. ఆగస్టులో కోట మొగలుల వశమైనది. బాలుడైన సుల్తానును గ్వాలియరు కోటకు బందీగా పంపినారు. ఇక నిజాంషాహీ ముగిసినదని అందరు అనుకున్నారు. అనుకొననివాడు అంబరు. నిజాంషాహీ వంశంలో అలీ అనే యువకుని వెదకి తెచ్చి, పరాండా కోటలో రెండవ ముర్తజా నిజాంషా పేరుతో పట్టం కట్టినాడు. తన కుమార్తెనిచ్చి వివాహం చేసినాడు. తాను పీష్వాగా నిలిచినాడు. 150 రౌతుల జట్టు వేల సంఖ్యకు పెరిగినది. తూర్పున తెలంగాణా సరిహద్దు మొదలుకొని పడమట అహమ్మదునగరు దాపు వరకు పల్లెటూళ్ళు అతని ఆజ్ఞలో ఉండెనని ఆ కాలపు చరిత్రకారుడు ఫిరిష్తా రాసినాడు. అనగా కోట మొగలులది, దాని చుట్టూ దేశం అంబరుది.

ఇక్కడనే మన నాందేడు ఈ కథలోకి వస్తుంది. 1602లో అంబరు ఈ తూర్పు సీమలోని మొగలు అధికారులను తరుముకొంటూ రాగా, మొగలు సేనాని అబ్దుర్ రహీం ఖాన్ఖానాన్ తన కుమారుడు ఇరజు మీర్జాను అతనిపైకి పంపినాడు. మన పిల్లలు హిందీ వాచకాలలో చదివే దోహాల రహీం ఈ ఖాన్ఖానానే. నాందేడు దాపున రెండు సేనలు తలపడినవి. యుద్ధం ఘోరంగా జరిగినది. అంబరు గాయపడి గుర్రం మీదినుండి పడిపోయినాడు. శత్రువు చేతికి చిక్కవలసిన క్షణంలో అతని వెంట ఉన్న హబ్షీలు, దక్కనీలు ప్రాణాలొడ్డి అతనిని మోసుకొనిపోయి కాపాడినారు. ఆనాడు గోదావరి ఒడ్డున అతడు మరణించి ఉంటే దక్కను చరిత్ర మరొక దారి పట్టి ఉండేది. డబ్బుకు పనిచేసే సిపాయిలు ఓడిన నాయకుని విడిచి పారిపోవటం ఆ కాలంలో మామూలు. వీరు పారిపోలేదు. ఆ మనుష్యులను అతడు ఎట్లా చూచుకొన్నాడో చెప్పటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

గెలిచిన ఖాన్ఖానాను కూడా ఇట్టి శత్రువుతో రాజీ మేలని తలచినాడు. ఇద్దరు కలిసికొని సరిహద్దులు నిర్ణయించుకొన్నారు. అంబరు మాట నిలుపుకొన్నాడని అంటారు. అయితే అవకాశం చిక్కినప్పుడు పోయిన నేలను తిరిగి తీసుకొనటం కూడా అతడు మరువలేదు. తన ప్రత్యర్థియైన రాజు దక్కనీ అనే సర్దారును కొన్నేండ్లకు జయించి పట్టుకొన్నాడు. 1610లో అహమ్మదునగరు కోటను మొగలులనుండి తిరిగి గైకొన్నాడు. అదే కాలంలో దౌలతాబాదు దాపున ఖడ్కీ అనే పల్లెను రాజధానిగా తీర్చిదిద్దినాడు.

అతని యుద్ధ పద్ధతి మొగలులకు కొరుకుడు పడలేదు. వారిది ఏనుగులు, ఫిరంగులు, డేరాలు, వెంట బజారులతో కదిలే మహాసేన. అంబరుది తేలిక గుర్రాలపై సాగే జట్లు. ఎదురుపడి పోరాడక, దాణా బండ్లను దోచుకొని, బావులను పాడుచేసి, రాత్రివేళ పైబడి, తెల్లవారేసరికి కనుమలలో మాయమయ్యేవారు. మరాఠీలో దీనిని గనిమీ కావా అంటారు. ఆ జట్లలో హబ్షీలు కొందరే. అధిక సంఖ్యాకులు మరాఠాలు. శివాజీ తాత మాలోజీ, తండ్రి షాహాజీ నిజాంషాహీ కొలువులోనివారే. ఈ విద్య ఆ గుర్రపు జీనులపైనే తరువాతి తరానికి చేరినది.

అంబరు జీవితమంతా జయమే కాదు. 1616లో జాదవరాయ మొదలైన సర్దారులు కొందరు మొగలుల పక్షం చేరినారు. రోషన్‌గాం వద్ద అంబరు ఓడిపోయినాడు. ఓడించినవాడు మరెవ్వరో కాదు, నాందేడు వద్ద అతనిని పడగొట్టిన ఇరజు మీర్జాయే. అప్పటికి షానవాజుఖాను అనే బిరుదు ధరించి ఉన్నాడు. అతని సేన ఖడ్కీలో జొరబడి, అంబరు ఆరేండ్లు శ్రమపడి కట్టిన పట్టణాన్ని తగులబెట్టినది. 1617లో యువరాజు ఖుర్రం – తరువాతి షాజహాను – దక్కనుకు రాగా అహమ్మదునగరును అప్పగించి సంధికి తలవంచవలసి వచ్చినది. ఎంతటి కసియో గాని, జహంగీరు చక్రవర్తి తాను అంబరు ఖండిత శిరస్సుపై బాణం సంధిస్తున్నట్లు బొమ్మ గీయించుకొన్నాడు. ఆ చిత్రం నేటికీ డబ్లినులోని గ్రంథాలయంలో ఉన్నది. యుద్ధభూమిలో దొరకని తలను పటంలో కొట్టి తృప్తి పడవలసి వచ్చినది ఆ చక్రవర్తికి.

తిరిగి లేవటమే అంబరు స్వభావం. 1624 నాటికి మొగలులు, బిజాపురం వారు ఒక్కటై అతనిని నలిపివేయ పూనుకొన్నారు. అప్పుడు అంబరు చేసిన మొదటి పని మనం గమనించదగినది. పిల్లలను, వస్తువాహనాలను దౌలతాబాదు కోటలో భద్రపరచి, తాను ఖడ్కీ విడిచి గోలకొండ సరిహద్దున ఉన్న మన కంధారుకు వచ్చినాడు. గోలకొండ కుతుబ్షా ఏటేటా ఇవ్వవలసిన పైకం రెండేండ్లుగా బాకీ పడి ఉన్నది. దానిని రాబట్టుకొని, కుతుబ్షాతో ఒడంబడిక చేసుకొని, వెనుకవైపు భయం తీర్చుకొన్నాడు. ఆ పైకం కుతుబ్షా బొక్కసం నుండి వచ్చినది. ఆ బొక్కసాన్ని నింపినవాడు తెలుగు రైతు. పేరు ఏ చరిత్రలోను లేకున్నా, ఆ తరువాతి యుద్ధంలో అతనికీ పాలు ఉన్నది. కంధారునుండి అంబరు మెరుపువలె బీదరు మీదికి, అక్కడినుండి బిజాపురం మీదికి దూకినాడు. తరువాత అహమ్మదునగరు దాపున భాతవడి వద్ద చెరువు కట్టను తెగగొట్టి శత్రువు విడిదిని బురదపాలు చేసి, ఆకలికి మాడ్చి, రెండు రాజ్యాల సేనను ఒక్కసారి ఓడించినాడు. ఆ యుద్ధంలో షాహాజీ పేరు పొందగా అతని తమ్ముడు షరీఫ్జీ ప్రాణాలు కోలుపోయినాడు. అప్పటికి అంబరు వయస్సు 75 దాటినది.

కత్తి వలన వచ్చిన కీర్తి ఇంతవరకు. కాని మేము పిల్లవానికి చెప్పదలచిన భాగం మరొకటి ఉన్నది. అంబరు ఖడ్కీకి ఉత్తరపు కొండలలోని ఊటనీటిని భూమి లోపలి తూములగుండా పట్టణానికి తెచ్చినాడు. నహరె అంబరీ అని దానికి పేరు. పంపు లేదు, యంత్రం లేదు. నేల వాలును లెక్కకట్టి, నడుమనడుమ నీటి స్తంభాలు కట్టి, వత్తిడిని సరిచూచి నడిపిన నీరు అది. మూడు శతాబ్దాలకు పైగా ఔరంగాబాదు జనం దానిని త్రాగినారు. భూమి శిస్తులోను అట్టి శ్రద్ధనే చూపినాడు. పంటను వేలం పాడుకొన్న గుత్తేదారు ఊరిని పీల్చివేసే పద్ధతిని తొలగించి, భూముల సారాన్నిబట్టి అంచనా వేయించి, ఊరి పటేలుకు బాధ్యత ఒప్పగించి, పైకం రూపంలో శిస్తు కట్టే ఏర్పాటు చేసినాడు. యుద్ధం మానని ఆ రోజులలో కూడా రైతు పొలం విడిచి పారిపోకుండా ఉండాలంటే ఇంతకుమించిన ఉపాయం లేదని అతడు గ్రహించినాడు.

అతనిలో దోషాలు లేవని మేము చెప్పము. రాజును పేరుకు నిలిపి అధికారమంతా తన చేతిలో ఉంచుకొన్నాడు. తన కుమార్తెను అంతఃపురంలో మరొక రాణి బానిస బిడ్డ అని నిందించగా, ఆమెకును సుల్తానుకును విషం పెట్టించెనని ఆ కాలపు డచ్చి వర్తకుడొకడు రాసినాడు. ఎంత ఎత్తుకు ఎదిగినా ఆ పాత మాట అతని ఇంటిని వెదకుకొంటూ వచ్చెనని మాత్రం ఇందువలన తెలుస్తున్నది.

1626 మే నెలలో, సుమారు 80వ ఏట, మాలిక్ అంబరు మరణించినాడు. ఖుల్దాబాదులో అతని సమాధి ఉన్నది. జహంగీరు తన గ్రంథంలో నిందించని పుట లేదు. కాని ఆయన కొలువులోని చరిత్రకారుడు మోతమిదుఖానే, శత్రువు అయినప్పటికిని, యుద్ధంలోను పరిపాలనలోను అట్టివాడు లేడని మెచ్చుకొన్నాడు.

అతడు పోయిన పదేండ్లకే నిజాంషాహీ అంతరించినది. 1630 నుండి దక్కనులో భయంకరమైన కరువు. ఆ కరువులోనే మొగలు సేనాని నసీరీఖాను కంధారును ముట్టడించినాడు. నాలుగు నెలలకు పైగా కోట నిలిచినది. గోడల క్రింద సొరంగాలు తవ్వి మందు పెట్టి పేల్చిన పిమ్మట 1631 మే నెలలో లొంగినది. 1633లో అంబరు కుమారుడు ఫతేఖాను దౌలతాబాదును అప్పగించినాడు. 1636లో షాజహాను తన కుమారుడు ఔరంగజేబును దక్కనుకు సుబేదారుగా నియమించినప్పుడు ఆ సీమలో నాలుగు సుబాలు ఉండెను. వాటిలో ఒకదాని పేరు తెలంగాణా. దాని ముఖ్యపట్టణం ఏది? మన నాందేడు! ఈ మాట విన్నప్పుడు మా పిల్లవాని ముఖం చూడవలసి ఉండెను. తాను పరాయి ఊరిలో ఉన్నానేమోనని శంకించిన ఊరికి ఒకనాడు ఢిల్లీవారు పెట్టిన చిరునామా తెలంగాణా.

ఆ తరువాత సంగతి పెద్దలకు తెలిసినదే. 1724నుండి ఆసఫ్జాహీ నిజాములు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో విలీనం. 1956 నవంబరు 1న నాందేడు బొంబాయి రాష్ట్రంలోకి. 1960 మే 1న మహారాష్ట్రలోకి. మన కుటుంబాలలో కొందరు వృద్ధులు ఒకే ఇంటిలో ఉంటూ మూడు రాష్ట్రాలు చూచినారు. ఇల్లు కదలలేదు, సరిహద్దే కదిలి వచ్చినది.

ఖడ్కీ పేరును అంబరు కుమారుడు ఫతేనగరు అని మార్చినాడు. ఔరంగజేబు దానిని ఔరంగాబాదు అన్నాడు. ఇప్పుడది ఛత్రపతి సంభాజీనగరు. ఊరి పేరు ఇన్నిసార్లు మారినను కాలువకు మాత్రం అంబరు పేరే నిలిచినది. సాయంకాలం కోట దిగి వస్తుండగా పిల్లవాడు తన ప్రశ్న మళ్ళీ అడగలేదు. అబిసీనియానుండి వచ్చిన ఆ మనిషి ఏ ఊరివాడని మేమే వానిని అడిగినాము. కొంచెం ఆలోచించి, నీళ్ళు తెచ్చిన ఊరివాడని బదులు చెప్పినాడు. మాకు అంతకంటె మంచి జవాబు నేటికీ తోచలేదు.

వచ్చే సెలవులలో పాఠక సోదర సోదరీమణులు పిల్లలను తీసుకొని కంధారు చూచి రావలసినదని మా మనవి. బస్సులో ఒక్క పూట ప్రయాణం. తెలుగులో కథ చెప్పండి. దారి మరాఠీలో అడగండి. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.